ప్రజలతో కలసి పరిశోధన: బెలుం గుహల నుండి ఆళ్లగడ్డ బావుల వరకు

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలములో బెలుం అను గ్రామము కలదు. దాని చెంత, చదునుగా కనబడు పొలముల నడుమ, మూడు పెద్ద గుంటలు బావులవలె నోళ్లు తెరచుకొని యుండును. నడిమి గుంటలోనికి దిగి సుమారు 20 మీటర్ల లోతునకు పోయినచో భూగర్భములో దారులు మొదలగును. కొలతకు వచ్చినంత మేరకు ఈ గుహల పొడవు 3,229 మీటర్లు. వీనిలో అన్నిటికంటె లోతైన చోటు పాతాళగంగ. అది ప్రవేశద్వారమునకు 46 మీటర్ల దిగువన ఉన్నది. అచట ఏడాది పొడవునా సన్నని నీటి ధార పారి, రాతి నెరియలలో మాయమగుచుండును. ఆ నీరు ఎచటికి పోవుచున్నది? సుమారు 2 కిలోమీటర్ల దూరములోనున్న బెలుం గ్రామపు బావిలోనికే చేరునని ఆ ప్రాంతమువారి నమ్మకము.

ఈ మాటను రెండు విధములుగా చూడవచ్చును. ఊరివారి ఊహ యని త్రోసిపుచ్చవచ్చును. లేదా, చాలకాలము ఆ నేలపై బ్రతికినవారు మన ముందుంచిన ప్రతిపాదనగా దానిని స్వీకరించి, నిజమో కాదో పరీక్షింపవచ్చును. రెండవ దారి పట్టినపుడు పరిశోధన ప్రజలతో కలసి నడచుటకు వీలు కలుగును. విశ్వవిద్యాలయములు ప్రజలతో చేయి కలిపి పరిశోధన చేయవలెనని నేడు పలుచోట్ల చెప్పుచున్నారు. కాని అట్టి పరిశోధనకు పథకము వేయుట యెట్లు? అది ఫలించినదో లేదో తేల్చుట యెట్లు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకువారికి బెలుం, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల 150 ఏండ్ల చరిత్ర మంచి పాఠ్యగ్రంథము వంటిది.

సున్నపురాతి సీమ

కుందూ, పెన్నా నదుల నడుమనున్న ఈ సీమలో సున్నపురాయి విస్తారముగా ఉన్నది. చేతితో తట్టి చూచినచో అది నీటికి లొంగని రాయివలె తోచును. కాని వాననీరు గాలినుండియు, మట్టిలో కుళ్లు ఆకులు, వేళ్లనుండియు బొగ్గుపులుసు వాయువును గ్రహించి, బలహీనమైన ఆమ్లముగా మారును. ఆ నీరు నెరియల గుండా దిగుచు, రాతిలోని కాల్షియం కార్బొనేటును బైకార్బొనేటుగా మార్చి తనతో తీసికొనిపోవును. లక్షల ఏండ్లు గడచునప్పటికి నెరియ కాలువ యగును, కాలువ సొరంగమగును. అదే నీరు గుహ కప్పునుండి బొట్టుబొట్టుగా కారునపుడు వాయువు విడిపోయి, సున్నము మరల గట్టిపడును. గుహలో పైనుండి వ్రేలాడు ఊడలు, క్రిందినుండి లేచిన లింగాకారములు ఇట్లు ఏర్పడినవే.

ఇందు గుర్తింపవలసిన విషయ మొకటి కలదు. ఇసుక నేలలో నీరు మెల్లగా వడగట్టబడుచు పోవును. సున్నపురాతి నేలలో నీరు గొట్టములలో వలె పరుగెత్తును. వడపోత చాల తక్కువ. ఒకచోట గుంటలో వేసిన మురుగు మరియొక చోట బావిలో తేలవచ్చును. కనుక పాతాళగంగ నీరు ఎచటికి పోవుచున్నదను ప్రశ్న కేవలము వింత కొరకు అడుగునది కాదు. అది ఊరి త్రాగునీటికి సంబంధించిన ప్రశ్న.

పుస్తకములకెక్కిన ఊళ్లు

1872లో విలియం కింగ్ అను శాస్త్రజ్ఞుడు భారత భూగర్భ సర్వేక్షణ శాఖ తరఫున కడప, కర్నూలు శిలలను గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. శిలల వరుసలకు ఆయన బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యం వంటి స్థానిక నామములనే పెట్టెను. ఈనాటికిని ఆ పేళ్లు ప్రపంచ భూగర్భశాస్త్ర గ్రంథములలో నిలిచి యున్నవి. బేతంచెర్ల చెంతనున్న బిల్లసర్గం గుహలను కెప్టెన్ న్యూబోల్డ్ 1844లోనే వర్ణించి యుండెను. 40 ఏండ్ల తరువాత, 1884లో, రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ సీమలోని గుహలను పరిశీలించి, బెలుం గుహలను గూర్చి గూడ వ్రాసెను. ఆయన కుమారుడు హెన్రీ బ్రూస్ ఫుట్ బిల్లసర్గంలో త్రవ్వకములు సాగించెను. అచట దొరకిన జంతువుల ఎముకలను రిచర్డ్ లిడెక్కర్ పరీక్షించి 1886లో వివరించెను.

ఇది నిస్సందేహముగా గొప్ప కృషి. కాని ఇందు ఊరివారి పాత్ర ఏమి? గుహకు త్రోవ చూపినవారు, దివిటీ పట్టినవారు, మట్టి తట్టలెత్తినవారు వారే. ప్రశ్న మాత్రము వేరెక్కడనో పుట్టినది. సమాధానము వేరొక భాషలో అచ్చయినది. ఫలితమును ఊరివారికి అర్థమగునట్లు ఊరికి తిరిగి చేర్చవలెనను నియమము ఆనాటి శాస్త్రమునకు లేదు. దీనిని ఒక వ్యక్తి దోషముగా ఎంచరాదు. అది ఆ కాలపు పద్ధతి.

తరువాతి శతాబ్దిలో ఈ పద్ధతి కొంత మారెను. 1970 ప్రాంతమున ఎం. ఎల్. కె. మూర్తి బేతంచెర్ల చెంత ముచ్చట్ల చింతమానుగవిలో త్రవ్వకములు చేసి ప్రాచీన శిలాయుగపు ఆనవాళ్లను వెలికి తీసెను. ఆయన త్రవ్వకములతో ఆగలేదు. కర్నూలు గుహల సీమలో వేటయు, అడవి తిండి సేకరణయు ఎరిగిన నేటి జనుల పద్ధతులను పరిశీలించి, వాని వెలుగులో పురాతన మానవుల జీవనమును అర్థము చేసికొన యత్నించెను. ఆ వ్యాసము 1985లో ఒక అంతర్జాతీయ పత్రికలో వెలువడినది. ఉచ్చు ఎచట పన్నవలెనో, ఏ దుంప ఏ ఋతువులో దొరకునో ఎరిగినవాని జ్ఞానము ఇచట శాస్త్రమునకు సాక్ష్యమైనది. దివిటీ పట్టినవాడు చెప్పు మాట కూడ గ్రంథములోనికి వచ్చినది. అయినను ప్రశ్న ఇంకను పండితునిదే.

చెత్తగుంట గుహ యగుట

1982, 1983 సంవత్సరములలో హెర్బర్ట్ డేనియల్ గెబౌర్ నాయకత్వమున జర్మను గుహాన్వేషకులు బెలుం వచ్చి, గుహలను వివరముగా శోధించి కొలిచిరి. గుహలోని ఒక విశాలమైన భాగమునకు నేడు ఆయన పేరే పెట్టబడినది. ఇంతటి గుహ ఆనాడు ఎట్లుండెను? చుట్టుప్రక్కల చెత్తను పారవేయుటకు వాడుకొను గుంటగా నుండెను. సుమారు 1988 వరకు ఆ స్థితి సాగినది. సున్నపురాతి నేలలో ఇట్టి గుంట ఎంత ప్రమాదకరమో పైన చూచితిమి.

ఆ స్థితి మారుటకు స్థానికులు కొందరు ఏండ్ల తరబడి ప్రభుత్వమును వెంటబడి అడుగుట ముఖ్య కారణము. చివరకు ఆ ప్రదేశము రక్షిత ప్రాంతముగా ప్రకటింపబడినది. 1999లో ఆంధ్రప్రదేశ్ పర్యాటకాభివృద్ధి సంస్థ గుహలను స్వీకరించి, సుమారు ఒకటిన్నర కిలోమీటరు మేర దారులు, దీపములు ఏర్పరచెను. 2002లో గుహలు ప్రజల సందర్శనమునకు తెరువబడినవి.

ఈ కథలో శాస్త్రజ్ఞుల పటము, ఊరివారి పట్టుదల రెండును ఉన్నవి. పటము లేనిచో, ఇది కాపాడదగిన వస్తువని ఋజువు చేయుట కష్టము. పట్టుదల లేనిచో, పటము బీరువాలో మిగిలి, గుంటలో చెత్త పెరిగెడిది. అయితే ఈ కలయిక ముందుగా వేసికొన్న పథకము వలన కలుగలేదు, తటస్థించినది. తటస్థించు మేలుపై ఎల్లకాలము ఆధారపడుటకు వీలులేదు.

వీలులేదనుటకు దృష్టాంతము సమీపముననే కలదు. బనగానపల్లె చెంత జుర్రేరు లోయలో జ్వాలాపురం అను ఊరున్నది. సుమారు 74,000 సంవత్సరముల క్రిందట సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతము ప్రేలినపుడు ఎగసిన బూడిద ఇచట మందమైన పొరగా పేరుకొని యున్నది. దానిని వ్యాపారము కొరకు త్రవ్వి తీయుచుండగా నేల గోడలు బయలుపడినవి. 2003 మొదలుకొని ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయమునకు చెందిన రవి కొరిసెట్టర్, బ్రిటను నుండి వచ్చిన మైకేల్ పెట్రాగ్లియా మున్నగువారు అచట పనిచేసి, బూడిద పొరకు క్రిందను పైనను కూడ రాతి పనిముట్లను కనుగొనిరి. అంతటి విపత్తును దాటి మానవులు ఇచట బ్రతికియుందురని వారు 2007లో ‘సైన్స్’ పత్రికలో వ్రాసిరి. ఈ నిర్ణయముపై వాదోపవాదములు సాగినవి. ఇచట చూడవలసినది వేరు. త్రవ్వకమే పొరను చూపినది. త్రవ్వకమే పొరను తినివేయుచున్నది. ఊరివారికి కూలి కావలెను. శాస్త్రమునకు పొర కావలెను. ఈ రెండింటిని ముందుగా కూర్చుండి సరిచూచుకొను ఏర్పాటే పథకరచన.

మిల్లుల తగవు తీర్చిన రంగు

ప్రజల ప్రశ్న శాస్త్రమునకు ఎట్లు పుష్టినిచ్చునో తెలుపు కథ ఒకటి జర్మనీలో జరిగినది. అదియు సున్నపురాతి సీమయే. ఇమ్మెండింగెన్ అను ఊరి చెంత డాన్యూబు నది నీరు నేలలో ఇంకిపోవును. దక్షిణమున సుమారు 12 కిలోమీటర్ల దూరములో ఆఖ్ అను చోట పెద్ద ఊట పైకుబుకును. నది నీరు తగ్గినపుడు నదిపై మిల్లులవారు నెరియలను పూడ్పించ గోరిరి. పూడ్చినచో మా ఊట ఎండునని ఆఖ్ మిల్లులవారు అడ్డుపడిరి. ఆ రెండు నీళ్లు ఒకటేనా?

1877లో కార్ల్స్‌రూహేకు చెందిన ఆచార్య అడాల్ఫ్ నాప్ ఈ ప్రశ్నకు సమాధానము చెప్ప పూనుకొనెను. ఇంకుచున్న నీటిలో 20 టన్నుల ఉప్పును, తరువాత 10 కిలోగ్రాముల ఫ్లోరెసీన్ అను రంగును కలిపించెను. 1871లో కొత్తగా తయారైన ఈ రంగు నీటిలో కొద్దిపాటి కలిసినను పచ్చగా మెరయును. సుమారు 60 గంటల తరువాత ఆఖ్ ఊట పచ్చబడినది. రెండు నీళ్లు ఒకటేనని తేలినది. నీటి దారిని రంగుతో పట్టుకొను ఈ పద్ధతి నేటికిని సున్నపురాతి సీమలలో వాడుకలో ఉన్నది. ఆ ప్రశ్న పుట్టినది ప్రయోగశాలలో కాదు, మిల్లుల నడుమ తగవులో.

ఒక భావము రూపొందుట

ప్రజలు పరిశోధనకు విషయము మాత్రమే కాదు, భాగస్వాములు కూడ కావలెనను భావము 20వ శతాబ్ది నడుమ స్పష్టమైనది. 1946లో కర్ట్ లెవిన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు అమెరికాలో ‘క్రియాపరిశోధన’ అను పద్ధతిని వివరించెను: పథకము వేయుట, పని చేయుట, ఫలితము చూచుట, దానినిబట్టి పథకమును దిద్దుకొనుట. 1970 దశకములో నెదర్లాండ్స్ విశ్వవిద్యాలయములలో ‘విజ్ఞానపు అంగళ్లు’ వెలసినవి. సొమ్ములేని సంఘములు తమ ప్రశ్నలు తెచ్చి అడుగ, విద్యార్థులు, ఆచార్యులు పరిశోధించి సమాధానము ఇచ్చెడివారు. 1977లో కొలంబియాలోని కార్టజీనాలో ఓర్లాండో ఫాల్స్ బోర్డా పూనికతో ఇట్టి పరిశోధనపై ప్రపంచ సదస్సు జరిగినది. మన దేశములో 1969లో జాతీయ సేవాపథకము విద్యార్థులను పల్లెలకు కొనిపోయినది. 1982లో రాజేశ్ టాండన్ ఢిల్లీలో ‘ప్రియా’ అను సంస్థను స్థాపించి ప్రజాభాగస్వామ్య పరిశోధనకు దారి చూపెను. 2014లో ఉన్నత విద్యాసంస్థలను గ్రామములతో జోడించుటకు కేంద్రప్రభుత్వము ఉన్నత్ భారత్ అభియాన్ పథకమును ప్రారంభించెను.

భావము మంచిదే. కాని మంచి భావము పొలములో దిగినపుడు ఏమగును? దీనికి ఆళ్లగడ్డ ప్రాంతమునుండియే ఒక దృష్టాంతము చూడవచ్చును.

రైతు చేతిలో కొలబద్ద

1995 నుండి నెదర్లాండ్స్ సహాయముతో ఏపీవెల్ అను పథకము క్రింద చిన్న రైతులకు బోరుబావులు త్రవ్వించిరి. బోరు వేయుట సులభము. బోరులో నీరు నిలుపుట కష్టమని త్వరలోనే తెలిసినది. ఒకరి బోరు లోతైనచో ప్రక్కవాని బోరు ఎండును. అప్పు చేసి వేసిన బోరు ఎండిన రైతు బాధ రాయలసీమలో చెప్పనక్కరలేదు. ఈ అనుభవము మీద 2003లో రైతుల నిర్వహణలో భూగర్భజల వ్యవస్థల పథకము ఆరంభమైనది. మొదట నెదర్లాండ్స్ సహాయముతోను, తరువాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యమునను అది సాగినది. ఆళ్లగడ్డ ప్రాంతమునుండి పనిచేయు ‘బర్డ్స్’ అను స్వచ్ఛంద సంస్థ ఇతర సంస్థలను కూడగట్టి ముందు నడచినది. నాటి ఉమ్మడి రాష్ట్రములోని కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలలో 600కు పైగా పల్లెలలో ఈ పని జరిగినది. ఇది విశ్వవిద్యాలయము నడిపినది కాదు. అయినను విశ్వవిద్యాలయములు నేర్చుకొనదగిన పాఠములు ఇందు మెండుగా ఉన్నవి.

ఈ పథకములో రైతుకు సొమ్ము ఇచ్చుట లేదు. నీరు తోడరాదని ఆజ్ఞాపించుట లేదు. ఇచ్చినది కొలబద్ద. ఊరిలో వానమాపకము పెట్టిరి. వాన కురిసిననాడు ఎన్ని మిల్లీమీటర్లు పడినదో రైతే చూచి వ్రాయును. ఎంచుకొన్న బావులలో 15 దినములకొకమారు నీటి మట్టమును రైతే కొలుచును. ఆ అంకెలను నలుగురికి కనబడునట్లు ఊరి గోడపై వ్రాయుదురు. వానాకాలము ముగిసిన తరువాత, యాసంగి పైరుకు ముందు, ఒక వాగు పరిధిలోని పల్లెలవారందరు చేరి నీటి లెక్క వేయుదురు.

ఆ లెక్క ఎట్లుండునో ఊహాపూర్వకమైన అంకెలతో చూడవచ్చును. ఒక హెక్టారుపై ఒక మిల్లీమీటరు వాన యనగా 10 ఘనపు మీటర్ల నీరు. 1,000 హెక్టార్ల పరిధిలో 600 మిల్లీమీటర్ల వాన కురిసినచో 60 లక్షల ఘనపు మీటర్లు పడినవన్నమాట. అందులో పదవ వంతు నేలలోనికి ఇంకినదనుకొన్నచో చేతికి దక్కినది 6 లక్షలు. వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు కావలెనన్నచో ఆ నీటితో 50 హెక్టార్లు మాత్రమే పండును. 400 మిల్లీమీటర్లతో సరిపెట్టుకొను ఆరుతడి పైరైనచో 150 హెక్టార్లు పండును. ఎవరు ఏ పైరు వేయదలచిరో కూడి చూచినపుడు, ఉన్న నీటికంటె కావలసిన నీరు ఎంత ఎక్కువో అందరి కన్నుల యెదుటనే తేలును. తరువాతి నిర్ణయము రైతుదే. బ్యాంకు పద్దువలె నీటి పద్దు. దాచినది తెలియక తీసికొనువాడు దివాలా తీయును.

ఒకే పథకము, రెండు తీర్పులు

2010లో ప్రపంచ బ్యాంకు భారతదేశపు భూగర్భజలములపై ప్రకటించిన నివేదికలో ఈ పథకమును మెచ్చుకొన్నారు. మూడేండ్ల కాలములో నూటికి 42 వాగు పరిధులలో యాసంగి నీటి తోడకము వరుసగా తగ్గినదనియు, 51 పరిధులలో అప్పుడప్పుడు తగ్గినదనియు, 7 పరిధులలో మాత్రమే పెరిగినదనియు అందు చెప్పబడినది. బలవంతము లేకుండ కేవలము ఎరుక వలన ఇంత మార్పు వచ్చుట అరుదు. ప్రపంచమంతటను ఈ పథకము పేరు వినబడినది.

రెండేండ్లకు, 2012లో, అంతర్జాతీయ జలనిర్వహణ సంస్థకు అనుబంధించిన పరిశీలకులు మరల పల్లెలకు వెళ్లి చూచి వేరొక తీర్పు చెప్పిరి. రైతులలో నీటి ఎరుక పెరిగినదను మాట నిజమే. కాని పైర్లలో పథకము వలననే కలిగిన మార్పు ముందు చెప్పినంత స్పష్టముగా లేదనియు, పథకము ముగిసిన తరువాత సంఘముల పని పలుచోట్ల సన్నగిల్లినదనియు వారి అభిప్రాయము. 2014లో వి. రత్నారెడ్డి మున్నగువారు రాష్ట్రములోని మూడు విధములైన భూగర్భజల పథకములను పోల్చి చూచి, ఎరుక అవసరమే గాని ఎరుక ఒక్కటియే చాలదనియు, ఊరివారు తమలో తాము ఏర్పరచుకొన్న కట్టుబాట్లు కూడ ఉండవలెననియు వ్రాసిరి.

పాఠకులు వీరిలో ఎవరు సరియని అడుగవచ్చును. ఆ ప్రశ్నకంటె, తీర్పులు ఇట్లు వేరగుటకు కారణమేమో విచారించుట మేలు. మొదటిది, కాలము. ఒకరు పథకపు వేడి యున్నపుడు చూచిరి; ఒకరు వేడి చల్లారిన తరువాత చూచిరి. రెండవది, పోలిక. ఆ ఏండ్లలో వాన మారినది, పైర్ల ధరలు మారినవి. 2004 నుండి రాష్ట్రములో సేద్యపు పంపులకు ఉచిత విద్యుత్తు వచ్చినది. ఒక ఊరిలో నీటి తోడకము తగ్గినచో, అది పథకము వలననా, మంచి వాన వలననా, సెనగకు ధర పలుకుట వలననా? పథకము లేని పొరుగూళ్లలో ఏమి జరిగినదో చూడక ఈ ప్రశ్న తేలదు. మూడవది, ఏది ఫలమని ఎంచవలెనను విషయము. తోడకము తగ్గుటయే ఫలమా? తన బావిని తాను కొలువ నేర్చిన రైతు దానిని మరచిపోలేడు గదా. అది ఏ పట్టికలో చేరును?

పథకము, తులాభారము

ఈ చరిత్రనుండి తేలు నియమములు కొన్ని కలవు. పథకము వేయునపుడు మొదట అడుగవలసినది, ప్రశ్న ఎవరిది యని. బిల్లసర్గంలో ప్రశ్న దూరమునుండి వచ్చినది. ఆఖ్ ఊట వద్ద ప్రశ్న అచటివారిదే. విశ్వవిద్యాలయపు ప్రశ్నయు, ఊరి ప్రశ్నయు వేరైనప్పుడు రెండును కాగితముపై ప్రక్కప్రక్కన వ్రాసికొని, ఏది ఎంతవరకు సాగునో ముందే ఒప్పుకొనుట మంచిది. ఎవరు ఏ పని చేయుదురు, ఎవరికి ఎంత కాలము పట్టును, పని మానుకొని వచ్చినవారి కూలి ఎవరిత్తురు, అంకెలు ఎవరి సొత్తు, ఎవరి పేరు అచ్చగును అను విషయములను గూడ అప్పుడే తేల్చుకొనవలెను. విద్యార్థికి పరీక్షల కాలము, రైతుకు కోతల కాలము ఒకటేసారి వచ్చినచో పని చెడును. పథకమునకు క్యాలెండరు రెండు వైపులనుండి చూచి వ్రాయవలెను.

ఊరు అనునది ఒక్క మనిషి కాదను విషయమును గూడ మరువరాదు. సమావేశమునకు వచ్చువారు బావులున్న రైతులు. బావిలేనివారు, కూలికి పోవువారు, నీరు మోయు స్త్రీలు రాకపోవచ్చును. వచ్చినవారి మాటయే ఊరి మాట యనుకొన్నచో, పథకము పుట్టుకలోనే ఒక ప్రక్కకు ఒరిగియుండును.

ఇక ఫలితమును తూచుట. పని ఆరంభమునకు ముందు ఉన్న స్థితిని కొలువనిచో, ముగిసిన తరువాత ఎంత మారినదో చెప్పజాలము. పోల్చుటకు పొరుగూరు లేనిచో, మార్పు ఎవరి వలననో చెప్పజాలము. పనిచేసినవారి కొలతతో పాటు బయటివారి కొలతయు ఉండవలెను. బయటివారి కొలతతో పాటు ఊరివారి తీర్పును ఉండవలెను. పని సాగుచుండగా ఒకమారు, ముగిసినప్పుడు ఒకమారు, ముగిసిన రెండు మూడేండ్లకు ఒకమారు తూచవలెను. ఈ మూడవ తూకమునకు సొమ్ము మొదటనే ప్రక్కకు పెట్టనిచో అది ఎన్నటికిని జరుగదు. సాధారణముగా విశ్వవిద్యాలయములో లెక్కకు వచ్చునది అచ్చైన వ్యాసముల సంఖ్య. ఊరిలో లెక్కకు వచ్చునది గోడమీది అంకె, బావిలోని నీరు, ఆగిన చెత్త. ఈ రెండు పద్దులును ఒకే పుస్తకములో ఉన్నపుడే భాగస్వామ్యమను మాట సార్థకమగును. అనుకొన్నది కానప్పుడు ఆ మాట కూడ అచ్చువేయవలెను. 2012 నాటి పరిశీలన పథకమునకు అవమానము కాదు. తరువాత పథకము వేయువారికి అది దీపము.

పాతాళగంగ ప్రశ్న

ఈ నియమములతో బెలుం ఊరి ప్రశ్నను మరల చూడవచ్చును. పాతాళగంగ నీరు ఊరి బావిలో చేరునా? నంద్యాల, ఆళ్లగడ్డ, కర్నూలు కళాశాలల భూగర్భ, రసాయన శాస్త్ర విభాగములకు ఇది తగిన పరిశోధన. ఏర్పాటు అంత కష్టము కాదు. మొదట ఒక ఏడాది పాటు ఊరి బావులన్నిటి నీటి మట్టమును, కాల్షియం పాలును, మురుగు గుర్తులను కొలువవలెను. ఇది ఊరి యువకులు, బడిపిల్లలు కూడ చేయగల పని. చుట్టునున్న నాపరాతి గనులు, చెత్త గుంటలు, మురుగు కాలువలు ఎచటెచట ఉన్నవో ఊరివారితో కలసి పటము గీయవలెను. ఆ తరువాతనే, పర్యాటక శాఖ అనుమతితోను, ఆరోగ్య శాఖ సలహాతోను, హానిలేని కొలది రంగును కలిపి, ఏ బావిలో ఎప్పుడు తేలునో చూడవచ్చును.

అన్నిటికంటె ముందు జరుగవలసినది గ్రామసభ. ఒక ఉదయమున త్రాగునీటి బావిలో పచ్చదనము కనబడినచో ఊరు బెదరును. ఎందుకు కలుపుచున్నారో, ఎంత కలుపుచున్నారో, ఆ దినములలో త్రాగునీరు ఎచటినుండి వచ్చునో ముందుగా చెప్పి, వారు ఒప్పుకొన్న తరువాతనే చేయవలెను. వారు వలదన్నచో, మానుకొనుట కూడ పథకములో ఒక భాగమే. రంగు బావిలో తేలినచో గుహ పరిసరములను శుభ్రముగా ఉంచుకొనుటకు ఊరికి బలమైన కారణము దొరకును. తేలనిచో, నీరు వేరెక్కడికి పోవుచున్నదో వెదకుటకు కొత్త ప్రశ్న దొరకును. రెండింటిలో ఏది జరిగినను, ఊరివారి చేతిలో ఒక ఏడాది బావుల లెక్క మిగులును.

1884లో ఈ గుహలను గూర్చి వ్రాసినపుడు ఊరివారు దారి చూపిరి. 1980 దశకములో పటము గీసినపుడు ఊరివారు దానికి అండగా నిలిచిరి. ఆళ్లగడ్డ సీమలో రైతులు కొలబద్ద చేత పట్టిరి. ఇక మిగిలిన మెట్టు ఒక్కటే. ప్రశ్నను వేయునప్పుడును, ఫలితమును తూచునప్పుడును వారికి విద్వాంసులతో సమానముగా పీట వేయుట.